మండువా ఇంటి గోడలకు నెమ్ము, పెరట్లో కొత్త గదులు: ఏ పని ముందు?

లోగిలి:
సామర్లకోటలో 1920ల నాటి మండువా ఇల్లు. గోడలు 18 అంగుళాల మందం, ఇటుక, డంగు సున్నం. పైన బెంగుళూరు పెంకు. దూలాలు టేకు, వాసాలు తాటి. పడమటి గోడ, ఉత్తరపు గోడ నెమ్మెక్కాయి. 2014లో కింది నుంచి మూడడుగుల దాకా పాత సున్నపు పూత చెక్కేసి 1:4 సిమెంటు ప్లాస్టింగ్ చేయించాం. అంతకుముందు చెమ్మ రెండడుగుల దగ్గర ఆగేది. ఇప్పుడు సిమెంటు పూత గట్టిగానే ఉంది గానీ దానికి పైన, నాలుగైదు అడుగుల ఎత్తులో పాత సున్నం పెచ్చులూడుతోంది. చెయ్యి పెట్టి రాస్తే తెల్లటి ఉప్పు రాలుతోంది.

ఇంకో మూడు సంగతులు. ముందున్న సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పెరిగి, ఇప్పుడు అరుగు కింది మెట్టు కన్నా అడుగు ఎత్తులో ఉంది. పెరట్లో గోడకు ఆనించి సిమెంటు నేల చేయించాం. ఉత్తరపు గోడలో దిగిన రెండు దూలాల కొసలు మేకు గుచ్చితే మెత్తగా దిగుతున్నాయి.

పెద్దవాళ్ల కోసం వెనక రెండు గదులు, రెండు బాత్‌రూములు కావాలి. మేస్త్రీ సలహా: గోడలకు వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూసి, నాలుగడుగుల దాకా టైల్స్ అంటించడం. కాంట్రాక్టరు సలహా: పాత గోడల్లోనే పిల్లర్లు లేపి వెనక భాగానికి స్లాబు వేయడం. ఇల్లు కుమారారామ భీమేశ్వరాలయం ప్రాకారానికి సుమారు 170 మీటర్ల దూరంలో ఉంది. పాత ఇంటి రూపు పోకూడదు. ఏది ముందు, ఏది తర్వాత?

సున్నపుబట్టి:
లోగిలి గారూ, టైల్స్ మాట ముందు ఆపించండి. 2014లో జరిగిందే మళ్ళీ జరుగుతుంది, ఈసారి చెమ్మ ఆరడుగులకు ఎక్కుతుంది.

నేలలోంచి గోడ పీల్చుకున్న నీళ్లు ఎక్కడో ఒకచోట ఆవిరై పోవాలి. సున్నపు పూత ఉన్నప్పుడు రెండడుగుల లోపే ఆవిరైపోయేవి. ఆ దారిని మూడడుగుల దాకా సిమెంటు మూసేసింది. నీళ్లు దాని వెనకగా ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటికి వస్తున్నాయి. నీళ్లతో వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి, పూత వెనక ఉబ్బి, పెచ్చులు లేపుతోంది. సిమెంటు బాగుందంటున్నారు కదా, దాని మీద తాపీ పిడితో కొట్టి వినండి. డొల్లగా మోగితే లోపల ఇటుక ఇప్పటికే పిండి అవుతోందన్నమాట.

ఇది నిజంగా నేల చెమ్మేనా అన్నది తేల్చుకోండి. అడుగు, రెండు, మూడు, నాలుగు, ఐదడుగుల ఎత్తుల్లో, రెండంగుళాల లోతు నుంచి డ్రిల్లుతో ఇటుకల మధ్య సున్నం పొడి తీయండి. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వేడెక్కితే తడి ఆరిపోతుంది. ఒక్కోటి మూత గట్టి డబ్బాలో వేసి తూచండి, 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్ళీ తూచండి. కింద తడి ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గితే నేల చెమ్మ. పైనే ఎక్కువుంటే కప్పు కారుతున్నట్టు. గోడకు రెండు సూదులు గుచ్చి చూసే మీటరును ఇక్కడ నమ్మవద్దు. ఉప్పు ఉన్న గోడలో పొడిగా ఉన్న చోట కూడా అది తడి చూపిస్తుంది.

తర్వాత నీళ్లు రాకుండా చేయాలి. గోడ పని దాని తర్వాతే. పెరట్లో గోడకు ఆనుకున్న సిమెంటు నేలను రెండడుగుల వెడల్పున కోసి తీసేయండి. కింద మట్టి లోపలి గచ్చు కన్నా కనీసం ఆరంగుళాలు దిగువన ఉండాలి. ఆ రెండడుగుల పట్టీలో కంకర పోసి వదిలేయండి, మళ్ళీ సిమెంటు వేయవద్దు. రోడ్డు వైపు అరుగుకూ రోడ్డుకూ మధ్య తెరిచిన కాలువ తవ్వి, వందడుగులకు అడుగు వాలు ఇవ్వండి. గోడ పక్కనే లోతుగా కందకం తవ్వడం మాత్రం వద్దు. పాత పునాది మూడడుగులకు మించి ఉండకపోవచ్చు, అది బయటపడితే గోడ జారుతుంది. మండువా కుండీ నీళ్లు బయటికి పోయే తూములో ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. అవతల ఎంత వస్తోంది, ఎంతసేపట్లో వస్తోంది? చాలా ఇళ్లల్లో సగం నీళ్లు మధ్యలోనే పునాదిలోకి ఇంకిపోతాయి.

ఇప్పుడు పూత. సిమెంటునంతా, దానిపైన చెమ్మ కనిపించే గీతకు అడుగున్నర ఎత్తు దాకా, ఉలి సుత్తితోనే తీయించండి. బ్రేకర్ మిషను పెడితే పాత ఇటుక ముఖమంతా ఊడి వస్తుంది. ఇటుకల మధ్య సందుల్లో చచ్చిన సున్నాన్ని అంగుళం లోతు గీకి, కొబ్బరి పీచు బ్రష్షుతో పొడిగా తుడవండి. రాలిన పొడిని గోడ మొదట్లో ఉంచకుండా ఎత్తి పారేయాలి, అదంతా ఉప్పే. నీళ్లతో కడగడం వద్దు, ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది.

ఉప్పు లాగడానికి మట్టి పట్టు వేయాలి. తెల్ల బంకమట్టి ఒక పాలు, కడిగిన సన్న ఇసుక రెండు పాళ్లు, నానబెట్టి రుబ్బిన కాగితపు గుజ్జు ఒక పాలు, ఉప్పులేని నీళ్లు. ముప్పావు అంగుళం మందాన గోడకు కొట్టి, పూర్తిగా ఎండి దానంతటదే పగుళ్లిచ్చేదాకా ఉంచండి. ఆ పట్టును ఊడదీసి పారేసి మళ్ళీ వేయండి. మూడుసార్లకు తక్కువ కాకుండా చేస్తే ఫలితం కనిపిస్తుంది.

ఆ తర్వాత గోడను వదిలేయాలి. మందంలో అంగుళం ఆరడానికి నెల అన్నది మోటు లెక్క. మీ 18 అంగుళాల గోడ రెండు వైపులా తెరిచి ఉంటే తొమ్మిది నెలలు. ఇది చాలామందికి నచ్చని మాట. కానీ తడి గోడ మీద ఎంత మంచి సున్నం వేసినా ఉప్పు దాన్ని రెండేళ్లలో తినేస్తుంది.

పునాదిరాయి:
సున్నపుబట్టి గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. గోడ మొదట్లో వరసగా రంధ్రాలు చేసి సిలికాన్ మందు ఎక్కించే పద్ధతి ఉంది. నేల చెమ్మను అక్కడే ఆపేస్తుంది. తొమ్మిది నెలలు ఆగక్కర్లేదు కదా?

సున్నపుబట్టి:
పునాదిరాయి గారూ, మందు ఎక్కించినా పైనున్న తడి ఆరాల్సిందే, ఆ తొమ్మిది నెలలు తప్పవు. పైగా మందు ఒక వరస ఇటుకల సందులో ఎడం లేకుండా అల్లుకుంటేనే అడ్డుకట్ట. 18 అంగుళాల పాత గోడల్లో రెండు ముఖాలే సరిగ్గా కట్టి, మధ్యలో ఇటుక ముక్కలు, మట్టి నింపినవి చాలా ఉంటాయి. ఆ డొల్లల్లో మందు జారిపోయి అడ్డు ఎక్కడో ఒకచోట తెగుతుంది, చెమ్మ ఆ తెగిన చోటే ఎక్కుతుంది. నేలమట్టం దించి, తూము బాగుచేసి, ఒక వానాకాలం చూశాక కూడా చెమ్మ తగ్గకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. మొదటి మందుగా వద్దు.

ఇక సున్నం కలిపే లెక్క, ఇది రాయడం మరిచాను. రాతి సున్నాన్ని నీళ్ల తొట్టిలో కొద్దికొద్దిగా వేసి తాలించాలి, అంటే నీళ్లు పీల్చి విరిగి ముద్దయ్యేలా చేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే భగ్గున ఎగజిమ్మి కళ్లు పోతాయి, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. సన్న జల్లెడ పట్టి గోతిలో పోసి, పైన నాలుగు వేళ్ల మందం నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు ఉంచాలి. మూడు నెలలుంచితే వెన్నలా తయారవుతుంది. జల్లెడ పట్టకపోతే తాలని గింజలు పూతలో మిగిలి, ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటీ పగిలి గోడకు మశూచి మచ్చల్లాంటి గుంటలు పడతాయి.

నాలుగైదు అడుగుల దాకా కింది భాగానికి సున్నపు ముద్ద ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు. పైభాగానికి సున్నం ఒకటి, ఇసుక మూడు చాలు. ఇటుక పొడి తక్కువ కాలిన నాటు ఇటుకదై ఉండాలి. బాగా కాలి నల్లబడ్డ ఇటుకను దంచితే అది ఉత్త ఇసుకతో సమానం, సున్నంతో కలిసి గట్టిపడే గుణం ఉండదు. వంద చదరపు అడుగులకు 20 మిల్లీమీటర్ల మందం, వృథాతో కలిపి, సుమారు 80 లీటర్ల ముద్ద, 80 లీటర్ల ఇటుక పొడి, 160 లీటర్ల ఇసుక పడుతుంది. గోదావరి ఇసుక, కాస్త గరుకుది. సముద్రం వైపు ఇసుక వద్దే వద్దు. గానుగలో గానీ పాన్ మిల్లులో గానీ తిప్పండి. కాంక్రీటు మిక్సరు కలుపుతుందే గానీ నూరదు.

రెండు పూతలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. మొదటిది గోరు నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాకే రెండోది. మధ్యలో సన్న బీటలు వస్తే చెక్కతో కొట్టి మూయాలి, నీళ్లు చల్లి రుద్దడం కాదు. తడి గోనెలు వేలాడదీసి వారం పది రోజులు నీడలో ఉంచాలి. లోపల సున్నం గాలి పీల్చుకుని గట్టిపడిందో లేదో చూడాలంటే ఒక మూల చిన్న ముక్క విరిచి, విరిగిన అంచు మీద ఫినాఫ్తలీన్ అనే, పచ్చి సున్నం తగిలితే గులాబీ రంగుకు మారే ల్యాబ్ ద్రావణం చుక్క వేయండి. అంచు చుట్టూ తెల్లగా ఉండి లోపల గులాబీ రంగు తేలితే గులాబీ ఉన్నంత మేరా ఇంకా పచ్చి సున్నమే. ఆ గులాబీ గీత వారం వారం లోపలికి జరగడం కళ్లారా కనిపిస్తుంది.

బెల్లం, కరక్కాయ గురించి ఎవరైనా అడుగుతారు. వేయవచ్చు, కానీ మోతాదు మించితే పూత గట్టిపడదు, చీమలు పడతాయి. సున్నం బరువులో రెండు మూడు శాతం చాలు. చెమ్మ గోడకు అసలు వేయకపోయినా నష్టం లేదు. పైన సున్నమే, పల్చటి పాలలా, నాలుగైదు చేతులు. ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారో, ఇంత పనీ దాని కింద ఉక్కిరిబిక్కిరవుతుంది.

హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు చేసిన పని చూడండి. గత శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును తీసేసి మళ్ళీ సున్నంతోనే చేశారు. మీరు చేయాల్సిందీ అదే, చిన్న ఎత్తున.

వాసం_దూలం:
కప్పు గురించి ఎవరూ రాయలేదు. గోడ ఆరడానికి నెలలు పడుతుంది గానీ దూలం కొస అంతకాలం ఆగదు. ఈ వారమే ఆ రెండు దూలాల కింద, గోడకు అడుగు దూరంలో, జాకీలు పెట్టి నిలబెట్టండి. జాకీ కింద రెండడుగుల పలక వేయాలి, లేకపోతే గచ్చులో దిగిపోతుంది. ఎత్తడానికి ప్రయత్నించవద్దు, బరువు పట్టుకుంటే చాలు. వందేళ్లుగా వంగి కుదురుకున్న దూలాన్ని ఒక్కరోజులో నిటారు చేస్తే పైన పెంకులూ, గోడా చీలతాయి.

కొసలు ఎందుకు మెత్తబడ్డాయో గూడు విప్పి చూడండి. దూలం దిగిన గూడు చుట్టూ ఎప్పుడో సిమెంటు కూరి ఉంటారు. కొయ్య చుట్టూ గాలి ఆడక తడి అక్కడే మిగులుతుంది. గూడు శుభ్రం చేశాక దూలం రెండు పక్కలా, పైనా, కొసనా ముప్పావు అంగుళం ఖాళీ ఉండాలి. కింద మాత్రం గట్టి కొయ్య దిమ్మ లేదా రాతి పలక మీద కూర్చోవాలి.

మొత్తం దూలం మార్చక్కర్లేదు. సూదిమొన ఆరతో ప్రతి మూడంగుళాలకూ గుచ్చుకుంటూ వెళ్లండి. మొన దిగకుండా ఎదురు తన్నే చోటు దొరికాక ఇంకో ఆరంగుళాలు వదిలి అక్కడ కోయించండి. కొత్త కొస పాత టేకుతోనే, కూల్చిన ఇళ్ల కలప దొరికితే మంచిది, ఆరిపోయి ఉంటుంది. ఏటవాలు అతుకు, అతుకు పొడవు దూలం లోతుకు మూడు నాలుగు రెట్లు. ఎనిమిదంగుళాల దూలానికి రెండడుగుల నుంచి రెండడుగుల ఎనిమిదంగుళాల దాకా అతుకు వస్తుంది. నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు, పెద్ద వాషర్లతో. తడి తగిలే చోట మామూలు ఇనుప బోల్టు తుప్పు పట్టి, చుట్టూ కొయ్య కూడా నల్లబడుతుంది. ఎంత లోతుకు కోయాలి, ఎన్ని బోల్టులు అన్నది దూలం పొడవు, బరువు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి, వడ్రంగి అంచనాతో వదిలేయకండి. కోసిన ముఖాలకు బోరాక్సు, బోరిక్ ఆసిడ్ ద్రావణం రెండుసార్లు పట్టించండి. ఎనామిల్ పెయింటు మాత్రం వద్దు.

కప్పు అసలు ఎక్కడ కారుతుందంటే నాలుగు వాలులూ మండువా వైపు కలిసే మూలల్లో. అక్కడి రేకు కాలువ సన్నగా ఉంటే పెద్ద వానకు నీళ్లు పొంగి వాసాల మీదికి పారతాయి. కాలువ రెండు పక్కలా పెంకు కిందికి ఆరేసి అంగుళాలు రేకు దూరాలి, మధ్యలో ఎక్కడా మేకు పడకూడదు. పెంకులు దించేటప్పుడు వరసలవారీగా నంబరు వేసి పేర్చండి. వేలితో తడితే ఖంగుమనేవి మళ్ళీ వాడవచ్చు, బొద్దుగా మోగేవి చీలినవి. మండువా మీద ప్లాస్టిక్ షీటు వేయాలనుకుంటే చూరు కన్నా అడుగున్నర పైకి, నాలుగు వైపులా గాలి ఆడేలా వేయండి. మూసేస్తే ఇంటి ఊపిరి ఆగుతుంది, గోడలు ఆరవు.

ప్రాకారం:
కొత్త గదుల సంగతి, అనుమతుల సంగతి నేను రాస్తాను.

భీమేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత సరిహద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం పూర్తిగా నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ 170 మీటర్లు అందులోకే వస్తాయి. అంటే కొత్త గదులకే కాదు, మరమ్మతుకు కూడా కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతులు ఇవ్వడానికి నియమించిన అధికారికి, దరఖాస్తు పెట్టాలి. అది నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ పరిశీలనకు వెళ్తుంది. దూరం గాలిగోపురం నుంచో, మీరు అడుగులు కొలిచిన ప్రాకారం నుంచో కాదు, శాఖ మ్యాపులోని రక్షిత సరిహద్దు నుంచి. స్థలం ఒక మూల 100 మీటర్ల లోపు పడిందా అన్నది సర్వేతో తేల్చుకోండి, అదొక్కటే అన్నీ మార్చేస్తుంది. మున్సిపాలిటీ ప్లాను పాసైనా ఈ అనుమతి లేకుండా కడితే నేరమే. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. గడువుల ప్రకారం చూసినా దరఖాస్తు తేలడానికి మూడు నెలలు దాటుతుంది, గోడ పని మొదలుపెట్టకముందే, ఇప్పుడే పెట్టేయండి. ఎత్తు రాసేటప్పుడు పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి రాయాలి. ట్యాంకు లెక్కలో లేదనుకుని తర్వాత పెడితే అది ఉల్లంఘన కిందికి వస్తుంది.

కాంట్రాక్టరు చెప్పిన పిల్లర్లు వద్దు. సున్నపు గోడ కొద్దికొద్దిగా కదులుతూ, సర్దుకుంటూ బతుకుతుంది. కాంక్రీటు కదలదు. రెంటినీ బిగిస్తే చీలేది పాత గోడే. పిల్లరు కోసం గోడను కోస్తే ఆ చోట బరువు మోసే దారే తెగుతుంది.

కొత్త కట్టడాన్ని విడిగా, నాలుగైదు అడుగుల నడవతో కలపండి. ఈ నాలుగడుగులు అందం కోసం కాదు. పాత పునాది పక్కన గొయ్యి తీసి దాని అడుగు ఎంత లోతులో ఉందో చూడండి. కొత్త పునాది దానికన్నా రెండడుగులు లోతుగా పోతే, బంకమట్టి నేలలో అడ్డంగా కనీసం నాలుగడుగుల ఎడం ఉండాలి. లోతు తేడాకు రెట్టింపు దూరం అన్నమాట. అంతకన్నా దగ్గరకు తవ్వితే పాత పునాది కింది మట్టి పక్కకు జారుతుంది. తవ్వకం వానల్లో అసలు పెట్టుకోకండి. నడవ కప్పు పాత గోడ మీద ఆనకుండా కొత్తవైపు స్తంభాల మీదే నిలవాలి. పాత గోడకూ నడవకూ మధ్య అంగుళం సందు వదిలి, పైన రేకు మడత కప్పండి. ఆ రేకు ఒక వైపే బిగించాలి, రెండోవైపు జారాలి.

బాత్‌రూములు రెండూ కొత్త భాగంలోనే. పాత గోడలో ఒక్క నీళ్ల పైపు కూడా దాచవద్దు, గోడ ఆరబెట్టిన శ్రమంతా ఒక్క లీకుతో పోతుంది. ఇంకుడు గుంత పాత గోడకు 6 మీటర్లు తగ్గకుండా.

రూపు మాటకొస్తే, కొత్త చూరు పాత చూరు కన్నా అడుగు కిందే ఉండాలి, అదే వాలుతో, పెంకుతో. పాత కిటికీ వెడల్పు, ఎత్తు కొలిచి ఆ నిష్పత్తిలోనే కొత్తవి పెట్టండి. సన్‌షేడ్ స్లాబు బయటికి చాచకండి, చూరే ఆ పని చేస్తుంది. చెక్కడపు స్తంభాలకు నకళ్లు చేయించి కొత్త వసారాకు పెట్టాలన్న కోరిక కలుగుతుంది. వద్దు. వందేళ్ల కొయ్య పక్కన కొత్త నకలు నిలబెడితే పాతదాని విలువ తగ్గుతుంది, ఏది ఎప్పటిదో రేపటివాళ్లకు తెలియకుండా పోతుంది. సాదా చదరపు స్తంభం పెట్టండి, పాతది పాతదిగా నిలుస్తుంది. పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పేది కూడా ఇదే: కొత్తగా చేర్చింది కలిసిపోవాలి, కానీ కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి.

లోగిలి:
అందరికీ నమస్కారాలు. సిమెంటు మీద కొట్టి చూశాను, పడమటి గోడ సగం పైన డొల్లే. ఏ నెలలో ఏ పని పెట్టుకోవాలి? సున్నం పని తెలిసిన మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి?

సున్నపుబట్టి:
దూలాల కింద జాకీలు, సర్వే, దరఖాస్తు వెంటనే. గుచ్చి చూడటం, తూచి చూడటం తప్ప గోడ మీద చేతులు వేయడం అనుమతి కాగితం చేతికొచ్చాకే. సంక్రాంతి దాటాక సిమెంటు నేల కోత, కాలువ, తూము, పూత ఊడదీయడం. మాఘం నుంచి మట్టి పట్టులు. పెంకు, దూలాల పని మార్చి, ఏప్రిల్‌లో ముగించి, మృగశిర కార్తెకు కప్పు మూసి ఉండాలి. ఆ వానాకాలమంతా గోడను ఖాళీగా ఉంచి చూడండి, ఆగస్టులో మళ్ళీ అయిదు ఎత్తుల్లో పొడి తీసి తూచండి. సున్నం కూడా అప్పుడే తాలించి గోతిలో వేయండి. కార్తీకం వెళ్ళాక, ముసురు తగ్గి ఎండ మెత్తబడ్డాక పూత. రోహిణి కార్తెలో సున్నపు పూత పెట్టుకుంటే నీళ్లు ముందే ఎగిరిపోయి పొడి పొడిగా రాలుతుంది.

మేస్త్రీ సంగతి. మూడడుగుల చదరం ఒక మూల ఇచ్చి, కూలి ఇచ్చి, పూయించండి. నెల ఆగండి. గోరుతో గీకండి, తట్టి వినండి, అంచు విరిచి చుక్క వేయండి. గట్టిపడటం లేదని ఆ మేస్త్రీ అందులో గుప్పెడు సిమెంటు కలిపితే ఇంకొకరిని చూసుకోండి. కలిపారో లేదో ఆరిన ముక్క బూడిద రంగే చెబుతుంది.